సగ్గుబియ్యం కాదు, సగ్గుబియ్యం లాంటివి

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ శ్రీశైలం గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న కోరుట్ల పెరుగు కేంద్రం అక్కచెల్లెళ్లకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మైక్రోబయాలజీ అధ్యాపకురాలు భూదేవి మేడం గారికి నమస్కారం. విలేకరిని పిలిస్తే ఎదుటివాళ్ల సంగతులు చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. నేను నా సంగతి ఒకటి చెప్పాలి. అది దాచి మేడం గారిని పొగిడితే ఆ పొగడ్త నిలబడదు.

పదేళ్ల కిందట, 2009 జనవరిలో, దుబాయిలో కట్టడాల పనులు ఆగిపోయి మన జగిత్యాల బస్టాండులో సూట్‌కేసులతో మగవాళ్లు దిగుతుంటే, వాళ్ల పేర్లు రాసుకోవడమే నా పనిగా ఉండేది. అలా దిగినవాళ్లలో బుగ్గారం సారయ్య ఒకరు. ఆయన భార్య లింగవ్వ అప్పటికే మరో ఆరుగురితో కలిసి కోరుట్లలో పెరుగు చేసి, ఇక్కడి ఒక హాస్టల్‌కు రోజూ పోస్తుండేది. చలికి ఒకరోజు పాలు తోడుకోవు, వెచ్చగా పెడితే మర్నాడు పులిసిపోతాయి. హాస్టల్ ఆర్డర్ నిలబడితే మళ్లీ విమానం ఎక్కనని, డబ్బాలు తానే మోస్తానని సారయ్య భార్యకు మాటిచ్చారు.

లింగవ్వ ఈ కాలేజీ ల్యాబ్‌కు వచ్చింది. మేడం చేసింది నాకు అర్థమైనంత వరకు ఇది. పాలను పెరుగు చేసే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో కలిపి, కాల్షియం ఉప్పు నీళ్లలో చుక్కలుగా వదిలితే, ప్రతి చుక్కా తెల్లటి పూసలా గట్టిపడుతుంది. బ్యాక్టీరియా లోపల ఉండిపోతుంది. పాలు లోనికి వెళ్తాయి, పులుపు బయటికి వస్తుంది. సిరిసిల్ల జనార్దన్ మరమగ్గం మీద నేసిన పల్చటి గుడ్డను సంచిగా కుట్టి, పూసలను అందులో కట్టి పాలలో వేలాడదీయడం, తర్వాత తీసి కడిగి మర్నాడు మళ్లీ వాడుకోవడం. పెరుగు మీద తేరే నీళ్లనుంచి ఇలాంటి పూసలతోనే లాక్టిక్ ఆమ్లం తీయొచ్చని, దానితో ఆపరేషన్ కుట్లకు వాడే, ఒంట్లోనే కరిగిపోయే దారం కూడా చేస్తారని మేడం చెబితే, జనార్దన్ “గా దారం మాకద్దు మేడం, కట్టుకున్నంక చీర కరిగిపోతే నన్ను కొడుతరు” అన్నాడు. (నవ్వులు)

ఆ పూసలు నింపిన మొదటి సీసా కోసం లింగవ్వ వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. దీపం పెట్టాక మన ఇళ్లలో తోడు ఇవ్వరు, అడగరు. బ్యాక్టీరియా పాఠం చెప్పే మనిషి ఏమంటారోనని పెన్ను పట్టుకొని చూస్తున్నాను. మేడం సీసాను బల్ల మీద పెట్టి, “నేనిస్తలేనవ్వా. నువ్వు మర్చిపోయిన సీసానే, తీస్కపో” అన్నారు. లింగవ్వ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

“మావోళ్లు ఊరిడిసి పోతరు గని, ఇవి పూసనిడిసి పోవా మేడం?”

“కొన్ని పోతయి. ఉండేటియి చాలు.”

మర్నాడు నేను వార్త రాశాను. ‘సగ్గుబియ్యంతో పెరుగు’ అని అచ్చయింది. కోరుట్లలో నలుగురు పాలలో సగ్గుబియ్యం పోసి, మూత పెట్టి పొద్దంతా ఎదురుచూశారట. పాయసం కూడా కాలేదని ఒకామె నాకు ఫోన్ చేసి తిట్టింది. (నవ్వులు) నవ్వు అక్కడితో సరి. పెరుగు చిక్కబడాలని పిండి కలిపే మోసం ఒకటుంది కదా, హాస్టల్ వాళ్లు ఇదీ అదే అనుకున్నారు. మూడో రోజు ఆర్డర్ ఆపేశారు. మేడం అయోడిన్ సీసా పట్టుకొని హాస్టల్ వంటగదికి వెళ్లారు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. వంటవాళ్ల ముందే సగ్గుబియ్యం గంజిలో ఒక చుక్క వేశారు, నీలమైంది. పెరుగులో వేశారు, కాలేదు. పద్దెనిమిదో రోజున ఆర్డర్ తిరిగి వచ్చింది. ఏజెంటు దగ్గర సిద్ధంగా ఉన్న మస్కట్ వీసా తీసుకొని సారయ్య పదకొండో రోజునే వెళ్లిపోయారు. పోయేటప్పుడు ఆయన బిడ్డ సరిత పాకుతున్నది. తిరిగి వచ్చేసరికి రెండో తరగతి.

‘సగ్గుబియ్యం లాంటి పూసలతో’ అని నేను రాస్తే, ‘లాంటి’ అనే మాటను పత్రిక డెస్కు వాళ్లు ఎగరగొట్టారని పదేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. మేడం గారికీ అదే చెప్పాను. ఆమె తల ఊపారు. పోయిన నెల ఈ ప్రసంగం కోసం పాత ఫైళ్లు తీస్తే, ఆ రోజు నేను ఫ్యాక్స్ చేసిన కాగితం దొరికింది. నా చేతిరాతే. అందులో ‘లాంటి’ లేదు.



సారయ్య గారు ఇప్పుడు పెరుగు ఆటో నడుపుతారు, అదుగో, తలుపు పక్కన నిలబడ్డారు. మొన్న వెళ్లి ఈ కాగితం చూపించాను. చదివి మడిచి ఇచ్చి, “మీరు రాయకున్నా పోతుంటినేమో సారూ. ఉంటుంటినేమో గూడ” అన్నారు.

అప్పట్లో నేను పంపని సవరణ ఇప్పుడు చదువుతాను. ‘కోరుట్ల పెరుగులో సగ్గుబియ్యం లేదు. అవి సగ్గుబియ్యం లాంటి పూసలు. తప్పు డెస్కుది కాదు, విలేకరిది.’

మేడం, బయట దీపాలు వెలిగాయి. కాబట్టి ఈ సవరణ కాగితం మీ చేతికివ్వను, బల్ల మీద పెడుతున్నాను. ఉంచుకుంటారో చింపేస్తారో మీ ఇష్టం. ఓపికగా విన్నందుకు అందరికీ ధన్యవాదాలు. సెలవు.