తలుపులు కాసే చెట్టు

మొక్కల నర్సరీలో నీళ్లు పెట్టే మా బాబాయి టీకొట్టు బెంచీ మీద కూర్చుని నోరు తెరిచాడంటే అందరి టీలూ చల్లారిపోవాల్సిందే. ఆయన ఇంట్లో స్నానాల గదికి మూడు నెలలుగా తలుపు లేదు. వడ్రంగి బావమరిది చేసిపెడతానన్నా, “కలప కొనొద్దు, నా చెట్టు ఇస్తుంది” అని అడ్డుపడింది ఈయనే. ఇవాళ ఆ బావమరిది ఎదురుగానే కూర్చున్నాడు.

“మా నర్సరీ పెద్దసారు ఆ మొక్కకి జీను మార్చి మరీ ఇచ్చాడ్రా!” అన్నాడు బాబాయి.

“జీను గుర్రానికి కదా బాబాయ్ వేసేది?” అన్నాను.

“ఇది జన్యువురా, మొక్క లోపలి గుణం! అయినా నువ్వన్నదీ నిజమే, పరుగు మాత్రం గుర్రప్పరుగే. సాయంత్రం నాటానా, పొద్దున్నకి మోకాలిదాకా వచ్చింది. అదేం పెద్ద విషయం కాదనుకో. మూడో రోజుకి మేడ దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పురుగులొచ్చాయి. ఒక్క ఆకు కొరికి, దండం పెట్టి వెళ్లిపోయాయి. మందు కొట్టే పనే లేదు!”

“మరి తేనెటీగలో?” అంది టీకొట్టావిడ.

“అవీ రాలేదమ్మా, అదే లోటు. చెట్టంతా పూతే, కాయ మాత్రం సున్నా. నేనే నిచ్చెనేసుకుని పువ్వు పువ్వు దగ్గరా ఝుమ్మన్నాను. గొంతు పోయింది గానీ కాయ నిలిచింది!”

“నీళ్లు?” అన్నాను.

“అదడక్కు. పక్కింటి బావి తాగేసింది, వీధి కుళాయి తాగేసింది, పైన మబ్బొకటి ఆగితే కొమ్మ చాచి పిండేసుకుంది!”

వడ్రంగి గ్లాసు ఠక్కున పెట్టాడు. “బావా, లోపల మనిషుందని తెలియాలని అక్క స్నానం చేసినంతసేపూ పాడుతోంది. పాటలయిపోయి ఎక్కాల్లోకి దిగింది. చెక్క ఎప్పుడిస్తావు?”

“రంపం పెట్టానురా! ఇటు కోస్తుంటే అటు అతుక్కుపోతోంది. ఆఖరికి రంపాన్ని కూడా మింగేసింది. ఒక్క నెల ఓపిక పట్టు. చెక్కలెందుకు, ఏకంగా తలుపులే కాస్తాయి, గొళ్లేలతో సహా!”

వడ్రంగి జేబులోంచి వేలెడు పుల్ల తీసి బల్ల మీద పెట్టాడు.

“ఏంట్రా ఇది?”

“నీ చెట్టు. అక్క పొద్దున్నే కోసెయ్యమంది. రంపం అక్కర్లేకపోయింది, రెండు వేళ్లతో పీకాను.”

“అది... చిటారు కొమ్మయ్యుంటుంది.”

“వేరు కూడా దాంట్లోనే ఉంది, చూసుకో. అక్క ఇక ఆగలేక తలుపు కొనేసింది, బయట బండిలో ఉంది. లే బావా! నోటితో కాదు, చేత్తో ఓ చివర పట్టుకో.”