ఆరోగ్యవంతుల జాబితాలో ఒక పేరు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన జన్యు పరిశోధన విభాగంలో సహాయకురాలిగా చేరిన అక్కయ్యగారికి అప్పగించిన మొదటి పని, రక్త నమూనాలు దాచే ఫ్రీజరు తరచూ ఎందుకు మొరాయిస్తోందో కనుక్కోవడం. మధ్యాహ్నానికల్లా కనుక్కున్నారు: తలుపు ఎవరూ సరిగా వేయడం లేదు. సాయంత్రానికి ఆ ఫ్రీజరున్న చలిగదికి తాళం పడింది, తాళంచెవి ఆమె కొంగుకు చేరింది. ఆనాటి నుంచి డైరెక్టర్లు సైతం ఆమె అనుమతి లేనిదే చలిగదిలో అడుగుపెట్టలేదు. 'చలిగది అక్కయ్య' అన్న పేరు నిలిచిపోయింది.

సహాయకురాలిగా ఉంటూనే డాక్టరేటు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరిన పదిహేనవ ఏట ఆమె తన సొంత అధ్యయనాన్ని చేపట్టారు. గర్భాశయపు లోపలి పొర వంటి కణజాలం బయట పెరిగి, స్త్రీలను ఏళ్ల తరబడి నొప్పిపాలు చేసే ఎండోమెట్రియోసిస్ కొందరికే ఎందుకు వస్తుంది? ఆక్సీకరణ వల్ల కణాలకు కలిగే హానిని అడ్డుకునే ఎంజైములు అందరి ఒంట్లోనూ ఉంటాయి గాని, వాటిని తయారుచేయించే జన్యువులు అందరిలోనూ ఒక్కలా ఉండవు. ఆ చిన్న తేడాలకూ ఈ జబ్బు ముప్పుకూ సంబంధం ఉందా అన్నది ఆమె ప్రశ్న.

జబ్బు ఉన్నవారి నమూనాలు ఆసుపత్రి నుంచి వచ్చాయి. వారితో పోల్చడానికి జబ్బు లేనివారు నూటపన్నెండు మంది కావాలి. పనిలేకుండా సూది పొడిపించుకునేవారెవరు? విభాగపు మహిళలు, వారి ఆడపడుచులు, ఎదురింటివారు, చివరకు అక్కయ్యగారి చెల్లెలు కూడా చేయి చాపారు. తల్లి పోయాక అక్కయ్యగారే జడలు వేసి పెంచిన చెల్లెలామె.

"నెలసరిలో నొప్పి ఉంటుందా?" అక్కయ్యగారు ఫారం చూస్తూ అడిగారు.

"అందరికీ ఉన్నంతే."

"అంటే లేదనే కదా?"

"లేదనే రాసుకో అక్కా. గడి ఖాళీగా ఉంటే నీకు అన్నం సయించదుగా."

రాసుకున్నారు. రెండేళ్లకు పరిశోధన పత్రం అచ్చయింది, మెప్పు వచ్చింది, విభాగాధిపతి పదవికి ఆమె పేరు ఫైలెక్కింది. ఆ నెలలోనే చెల్లెలికి కడుపు ఆపరేషన్ జరిగింది. లోపల ఆ జబ్బే, ఏళ్లనాటిది. ఒక అండాశయం తీసేయవలసి వచ్చింది.

పరామర్శకు వెళ్లిన అక్కయ్యగారితో చెల్లెలు అన్న మాట ఇది: "నీ లిస్టులో నేను ఆరోగ్యవంతురాలినే కదా. ఆ ముక్క ఇక్కడి డాక్టరుగారికి కాస్త చెప్పు, నమ్ముతారేమో."

అక్కయ్యగారు మర్నాటి నుంచి మిగిలిన నూటపదకొండు మందికీ ఫోన్లు చేశారు. ఈసారి నొప్పి ఉందా అని అడగలేదు. నెలసరి రోజుల్లో ఏ పనులు మానుకుంటారని అడిగారు. "మానుకుంటే మా అత్తగారు చేస్తారా తల్లీ, మాత్ర మింగి నేనే చేస్తా," అన్నదొకామె. అటువంటివారు ముప్పై ఒక్కరు తేలారు. వారిలో ఎందరికి జబ్బు ఉందో తెలియదు, లేదని చెప్పడానికి మాత్రం వీల్లేదు. ఆ పోలిక మీద నిలబడిన ఫలితమూ నిలవదు.

"సవరణ ఆర్నెల్లు ఆగి పంపితే కొంప మునుగుతుందా అమ్మా?" అన్నారు నాటి డైరెక్టరుగారు, నిజమైన అభిమానంతోనే.

"ఇప్పటికే మునిగింది సార్," అన్నారు అక్కయ్యగారు.

ఫలితాన్ని నమ్మవద్దని కోరుతూ ఆ వారమే ఆమె పత్రికకు సవరణ పంపారు. పదవి మరొకరికి వెళ్లింది. ఆ పదవి ఎవరికో తేల్చిన సమావేశంలో బల్ల చుట్టూ కూర్చున్న తొమ్మిది మందిలో ఒక్కరైనా ఆమె పక్షాన నోరు విప్పలేదు. తదనంతరం ఉద్యోగం మాని ఇల్లు చూసుకుంటూ, నేడు తీరిగ్గా ఈ ప్రశంస రాస్తున్నవారూ వారిలో ఒకరు. ఆ మౌనానికి ఇంత ఆలస్యంగా, ఇంత నున్నని కాగితం మీద విచారం తెలుపుకోవడం సిగ్గుచేటే గాని, తెలుపుకోకపోవడం అంతకన్నా సిగ్గుచేటు.

ఆ తరువాతి ఏళ్లలో ఆమె ప్రశ్నల పత్రాన్ని తిరగరాశారు, కెమెరాతో కడుపు లోపల చూసి జబ్బు లేదని నిర్ధారించినవారినే పోలికకు తీసుకున్నారు. అటువంటివారు ఏడాదికి పదిమంది దొరకడమే గగనం. అందువల్ల సమాధానం తేలకుండానే ఆమె పదవీ విరమణ చేస్తున్నారు. అది ఆమె లోపం కాదు, అయినా ఆమెకు అలా చెప్పి ఒప్పించగలవారు ఇంకా పుట్టలేదు.

ఈ వీడ్కోలు సంచికకు అక్కయ్యగారి ఫోటో కోసం వెళ్లినప్పుడు చెల్లెలుగారు ఫోటోతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఇచ్చారు. "తప్పయిందని పత్రికకు రాసింది, డైరెక్టరుకు చెప్పింది, నూటపదకొండు మందికీ చెప్పింది. నాకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. వారానికోసారి వస్తుంది, నా మందులు సర్దుతుంది, వెళ్లిపోతుంది."

"ఇది రాయమంటారా?"

"రాయండి. ప్రూఫులు తనే చూస్తుందిగా, ఇంకెవరినీ నమ్మదు."

కనుక, ఈ పేజీని ఎర్రకలంతో దిద్దుతున్న అక్కయ్యగారికి మనందరి వినతి: అక్షరదోషాలుంటే దిద్దండి, ఈ పేరా మాత్రం కొట్టేయకండి. మీకు సంపూర్ణ ఆరోగ్యం కలగాలి. మీ చెల్లెలుగారికి నొప్పి లేని రోజులు దక్కాలి. ఒకరు ఆ ఒక్క మాట చెప్పడానికీ, మరొకరు 'పోనీలే అక్కా' అనడానికీ, ఆపైన ఆ సంగతి వదిలేసి మరేదైనా మాట్లాడుకోవడానికీ సరిపడా ఆయుష్షు మీ ఇద్దరికీ ఉండాలి.