ఆనపబుర్రలో సోళ్ళు

ఒలే సోనీ, దించకు! దూలానికున్న ఆ ఆనపబుర్ర మీద సెయ్యెయ్యకు. ఆకలేత్తే ఎయ్యనీ, పొయ్యి మీద నీళ్ళు పెట్టినాను కదా. నీళ్ళలో ఏటీ నేదనా? నాకు తెల్దా ఏటి? మూడు దినాలయింది ఘాటీ రోడ్డు మీద కొండ జారి, బియ్యం బండి పైకి రాదు, మీ నాయిన పెదబయలు ఎల్లి అక్కడే సిక్కుపడిపోయినాడు. అయినా ఆ బుర్రలోవి తినీ సోళ్ళు కాదే. రాగులంటారే మీ బళ్ళో, అయ్యే. ఇత్తనం. కూకో ఇలగ. ఎవులు కట్టినారో తెలుసా దాన్ని అక్కడ? మాయత్త. పైడమ్మ. నువ్వు సూడనేదులే, మీ నాయినకే సరిగ్గా గురుతు నేదు.

మడిసి పొట్టిది. గొంతు మాత్రం కొండ కింద పారీ గెడ్డ అవతలకి ఇనపడీది. సుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగీది. ఇశ్వాసం పాస్టరుగారు వచ్చినప్పుడల్లా "ఏటమ్మా పైడమ్మా, ఆ నోటితోనే ప్రార్థనా?" అనీవోరు. "ఉన్నది ఒక్క నోరే బాబూ, ఇంకోటి ఇప్పించండి" అనీది. ప్రార్థనప్పుడు మాత్రం సుట్ట ఆర్పి సెవి మీద పెట్టుకునీది. ఆ ప్రార్థన కూడా ఏటనుకున్నావు? పొద్దున్నే ఎసరు పెట్టీసి, కొండ దిక్కు తిరిగి, "నాయినా, ఇయ్యాల నాలుగు నోళ్ళు" అనీది. అంతే. సుట్టాలొత్తే "ఒకటి కలుపుకో". రేపటి సంగతి ఎత్తీది కాదు. "ఒలే రత్నాలు, రేపటిది కూడా ఇయ్యాలే ఇచ్చీత్తే మొయ్యగలవేటే నువ్వు?" అని నన్నే అడిగీది. పక్కింటి గంగ ఏలాకోలం ఆడీది, "ఏటత్తా, మీ దేవుడు కొండ దిగి బుట్ట దించుతాడా?" అని. "దించడే. భూమిలో పెట్టీసాడు, తవ్వుకోమన్నాడు" అని గునపం పట్టుకుని ఎలిపోయీది.

ఏటి సెప్తన్నాను... ఆఁ, బుర్ర. ఆ ఏడు మీ తాత డొంకరాయి డ్యాం పనికెల్లినాడు. మీ నాయిన సంకలో బిడ్డ. ఇంకా సోళ్ళు జల్లనేదు, పట్టుకుందమ్మా వాన! కొండా ఆకాసం ఒకటైపోయినాయి. గెడ్డ పొంగి, అవతలోళ్ళు అవతల, ఇవతలోళ్ళు ఇవతల. ఇంట్లో గింజ నేదు. నాకు పాలు ఇంకిపోయినాయి. నీకేటి తెలుత్తాదే ఆ ఏడుపు! ముందు గట్టిగా ఏడుత్తాడు, తరవాత పిల్లిపిల్లలాగ, తరవాత... తరవాత ఏడుపు రాదు. అదే బయిం. మాయత్త వాన పడకండా ఆకుల గిడుగు నెత్తిన బోర్లించుకుని, "ఇయ్యాల మూడు నోళ్ళు నాయినా, ఒకటి మరీ సిన్నది" అని సెప్పి కొండెక్కిపోయింది. పొద్దు నడినెత్తికొచ్చింది, రాదు. నేను బుర్ర దించినాను. రెండు గుప్పిళ్ళు, దేవుడి సాచ్చిగా రెండే గుప్పిళ్ళు తీసి, తిరగట్లో ఇసిరి, అంబలి కాసినాను.

పురుగు పట్టకండా ఇత్తనంలో బూడిద కలుపుతారు, నీకు తెలుసు కదా. ఆ ఆత్రంలో కడగనేదు నేను. అంబలి బూడిదరంగులో ఉడుకుతంది, గరిటె నా సేతిలో ఉంది, గుమ్మంలో మాయత్త. తడిసి ముద్దయిపోయింది. గోళ్ళ కాడ నెత్తురు. బుట్టలో నాలుగు అడివి దుంపలు, ఒక్కోటి నీ సెయ్యంత. ఏలు ముంచి నాలిక మీద రాసుకుంది. బూడిద. బుర్ర దిక్కు సూసింది. నాకు రోసం వచ్చీసింది, తప్పు నాదే కదా మరి! "బిడ్డ సచ్చిపోతన్నాడత్తా, నీ దేవుడు రానేదు!" అని అరిసినాను. "వచ్చినాడే. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చీదాకా ఆగనేకపోయినావు" అంది. అని, ఆ అంబలే ముంతలో పోసి నా సేతికిచ్చింది. "తాగు. సుక్క మిగల్సకు. పాలు పడాల." నేను తాగినంతసేపూ ఎదురుగా కూకుంది. బూడిద పళ్ళ కింద కరకరమంటంది. అప్పుడు లేసి, బుర్ర మూతికి గుడ్డ కుక్కి, ఇదిగో ఈ దూలానికే, ఇంకో జానెడు ఎత్తుకి కట్టింది. "మళ్ళీ ముట్టుకోవాలంటే ముందు నా సెయ్యి ఇరగ్గొట్టాల. రేపు నువ్వూ రా. అడిగీది నేను, తవ్వీది ఇద్దరం."

ఏడు దినాలు తవ్వినాం. బిడ్డని ఈపుకి కట్టుకుని. ఒకదినం దుంప, ఒకదినం లేత ఎదురుబొంగు కొమ్ములు, ఒకదినం ఉత్త ఆకుకూర. రెండోపూటకి ఎప్పుడూ మిగలనేదు. అలాగని పస్తూ పడుకోనేదు. గెడ్డ తగ్గినాక మీ తాత బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వచ్చినాడు.

అది కాదే నాకు గురుతుండిపోయింది. వాన తెరిపిచ్చి సోళ్ళు జల్లినప్పుడు, పోడులో ఒక మూలకి ఇత్తనం సాలనేదు. ఊరంతా పచ్చగా మొలిసింది, మాది మాత్రం ఆ మూల బోడిగుండు. దారినెల్లీవోళ్ళు అందరూ అడిగీవోరు, "ఏటి పైడమ్మా, మూల ఒగ్గీసినావు?" నేను మాయత్త ఎనకాలకి జరిగిపోయీదాన్ని. మాయత్త సుట్ట తిప్పుకుని, "అదా, మా మనవడు తాగీసాడు!" అని నవ్వీది. ఆళ్ళూ నవ్వీవోరు. ఏడాది పొడుగునా అడిగినారు, ఏడాది పొడుగునా అదే మాట. నా పేరు ఒక్కసారి, ఒక్కసారయినా రానిచ్చిందా? పైఏడు ఇత్తనం నాడు నా దోసిట్లో రెండు గుప్పిళ్ళు పోసి, "ఆ మూల నీది. జల్లు" అంది. మీ నాయిన కొండంతా కాఫీ ఏసినాడు, ఆ మూల మాత్రం ఎందుకు ముట్టుకోడో తెలిసిందా ఇప్పుడు? మాయత్త పోయిననాడు ఇంట్లో ఏటీ నేదు, ఈ బుర్ర తప్ప. నిండుగా ఉంది. మూతికి అదే గుడ్డ...

ఏటే, అలగ సూత్తన్నావు? ఎసరు కాగిపోతంది, ఇంకో సెంబుడు నీళ్ళు పొయ్యి. వాన సన్నపడింది. నువ్వు, మీయమ్మ, నేను. మూడు నోళ్ళు నాయినా. బుట్ట అందుకో. గునపం ఎక్కడ పెట్టినావే? బేగి సూడు.