మొదటి బోనం

హలో… ఆ, నేనే. రుక్మిణినే. చెప్పు వీరబాబూ… ఎక్కడి నుంచి చేస్తున్నవ్, ఆ లారీల చప్పుడేంది?

ఖమ్మం ఎస్టీడీ బూత్‌లనా? ఖమ్మంల ఏం పని…

…నర్సింగ్ హోమా? ఎవరికి?

పుష్పకా! ఏమైంది నా చెల్లెకి?

…ఏంది? మళ్ళొకసారి చెప్పు.

గర్భసంచి తీపిస్తున్నవ్. రేపు పొద్దున. తోడుండనీకి నేను సారపాక నుంచి టిఫిన్ క్యారేజీ పట్టుకొని రావాలె. బాగుంది.

లేదు, అరుస్తలేను. ఇంకా మొదలుపెట్టలే.

తియ్యాలని ఎవరు చెప్పిర్రు?… దూలయ్యా? మీ ఊర్ల సైకిల్ మీద తిరిగి సూదులేసే దూలయ్యా? ఆయన ఓ మాటన్నడు, నువ్వు ములకలపల్లి నుంచి జీపు మాట్లాడుకొని వచ్చినవ్. మరి అక్కడి డాక్టర్ స్కానింగ్ తీసిండా?

…అడిగింది చెప్పు. తీసిండా, లేదా?

"పిల్లలు పుట్టిర్రు కదా, ఇగ దాంతోని ఏం పని" అన్నడా… నువ్వు తలూపినవా. వీరబాబూ, నీ ట్రాక్టర్ పొగ పోస్తే ఇంజన్ పీకి గోదాట్ల పడేస్తవా? మెకానిక్‌కి చూపిస్తవ్. ఒకడు కాకపోతే ఇంకొకడికి చూపిస్తవ్.

నలభై దాటిన ఆడదానికి నెలసరి అటూ ఇటూ ఐతది. ఓ నెల ముందొస్తది, ఓ నెల జాడే ఉండదు. నాకూ గట్లనే ఐతాంది… సిగ్గెందుకు? కోయించనీకి లేని సిగ్గు విననీకి వచ్చిందా?

…రక్తం ఆగుతలేదా. ఎప్పటి నుంచి?

ముత్యాలమ్మ బోనాల నుంచా…

ఆగు. పండగ ముందు గోళీలు మింగిందా?

ఏం గోళీలని నన్నే అడుగుతున్నవా? నెల రాకుండ ఆపే గోళీలు. తెల్వనట్టు మాట్లాడకు.

…ఎవరు తెచ్చిర్రు?

నువ్వే.

అవ్, తెలుసు. మీ ఇంటి పెద్దకోడలే మొదటి బోనం ఎత్తాలె, ఆ రోజు బయట కూసుంటే ఇంటికి మంచిది కాదు. సరే. మరి పర్ణశాల పోయినప్పుడు?… అప్పుడూ మింగింది. మీ తమ్ముని పెళ్ళికి?… కొత్తింటి పూజకి?… మళ్ళీ మొన్న బోనానికి. ఏ డాక్టరూ రాసియ్యలే. మెడికల్ షాపుల జ్వరం గోళీలు అడిగినట్టు అడిగి తెచ్చినవ్. పండగ పండగకీ నువ్వే ఆపినవ్. ఇప్పుడది దారి తప్పిందని కోయిస్తున్నవ్.

ఆ గోళీల సంగతి డాక్టర్‌కి చెప్పినవా?

…ఎందుకు చెప్తవ్.

చూపియ్యొద్దని నేనెప్పుడన్న? అంత రక్తం పోతుంటే చూపియ్యక తప్పదు. గడ్డలున్నయా, ఒంట్ల రక్తం తగ్గిందా, గోళీల వల్లనా, అది తేల్చమను. అన్నీ చూసినంక తియ్యాలంటే నేనే పక్కన కూసుంట. చూడకుండ కోస్తనంటే మాత్రం ఊకోను.

ఫోను పుష్పకియ్యి.

…బూత్ ముందర బెంచీ మీదనే ఉందా, ఐతే పిలువు.

…

పుష్పా… అక్కనే. ఏడ్వకు. ముక్కు తుడుచుకొని మాట్లాడు.

…ఏందీ? తీసెయ్యమని నువ్వే అన్నవా?

…అవ్.

…అవ్, వింటున్న. చెప్పు.

…

ఇగ పండగ ముందు ఎవరూ వచ్చి "నీకెప్పుడు" అని అడగరనా. అత్త క్యాలెండర్ ముందర నిలబెట్టదనా. ఎండల వాకిట్ల కూసొని నీళ్ళు పొయ్యమని పిలిచే బాధ తప్పుతదనా…

నా తల్లీ. అడిగేటోళ్ళ నోరు మూయియ్యనీకి నీ కడుపు కోయించుకుంటవా?

…నిన్ను తిడ్తలేను. నిన్ను కాదు.

…నిద్ర పడ్తలేదా? ఎందుకు?

భయమా. దేనికి, కత్తికా?… లేవకపోతే పిల్లలేమైతరనా.

ఈ మాట ఆయనకి చెప్పినవా?… చెప్పలే. మరి ఇప్పుడు చెప్పు. నాకు కాదు, ఆయన్ని చూసి చెప్పు. ఫోను పట్టుకొనే ఉండు, నేను వింట.

…గట్టిగ. లారీ చప్పుళ్ళ నాకే వినపడలే.

…ఆ. ఇంకొకసారి.

…ఆ. గట్ల.

ఇప్పుడు ఆయనకియ్యి.

…

విన్నవ్ కదా వీరబాబూ. వద్దంది. భయమైతాంది, పరీక్షలు కానిది వద్దంది. నా మాట కాదు, నీ భార్య మాట.

…డాక్టర్‌తోని మాట్లాడుకొని వస్తే ఏంది? మాట్లాడుకున్నది నువ్వు, పడుకోవాల్సింది అది. బట్టల సంచి సర్దుకోని నర్సింగ్ హోమ్ గేటు కాడికి రార్రి. నేను వచ్చే బస్సుకే ఎక్కుతున్న. లేడీ డాక్టర్ దగ్గరికి ముగ్గురం పోదాం. ఏ గోళీలు తెచ్చినవో, ఎన్నిసార్లు తెచ్చినవో నీ నోటితోని చెప్పాలె. దానితోని చెప్పియ్యకు.

…మీ అమ్మకి నేను చెప్త. ఆమెకు నెలసరి ఆగిపోయినప్పుడు ఎవరైనా కోసిర్రా అని అడుగుత.

…ఏంది?

ఇప్పుడు అదా నీ రంది? వచ్చే ఏడు బోనాల రోజు దానికి నెలొస్తే ఎట్లనా?

నువ్వెత్తుకో వీరబాబూ. నీకు నెలల ఏ రోజూ అడ్డం లేదు కదా.



పుష్పకి చాయ్ తాపియ్యి. పెట్టేస్తున్న, బస్సొస్తది.