పద్నాలుగు రోజుల గోళీ

మేడ్చల్ దవాఖానల డాక్టర్ అంకిత ముంగట ఆటో బాలేష్ కూసున్నడు. గంటసేపు లైన్ల నిలబడి వచ్చిండు గని, అసలు మాట నోట్లెనే దాసుకున్నడు.

“పద్నాలుగు రోజులకు రాసిన గ్యాస్ గోళీ తొమ్మిదేండ్లు మింగినవా అన్నా?”

“నడుమ రెండు రోజులు బంద్ పెట్టిన డాక్టరమ్మా.”

“ఎందుకు?”

“మెడికల్ షాపు తెరవలే.”

“చీటీ మీద పద్నాలుగు రోజులని ఉంది గదా!”

“ఉన్నది. చినుగుతదని లామినేషన్ గూడ చేపిచ్చిన. పెండ్లి ఫోటోకు చేపియ్యలేదని ఇంటామె ఇప్పటికీ తిడతది.”

“మళ్ల ఒక్కసారన్న డాక్టర్‌కు చూపెట్టుకోవద్దా?”

“నేనే డాక్టర్నైతి గదా! శామీర్‌పేట ఆటో అడ్డ మీద ఎవనికి తేన్పొచ్చినా నా తాన్కే వస్తరు. గ్యాస్ డాక్టరంటరు. నేను గూడ కాలరెగరేసేటోన్ని, సిగ్గులేకుండ.”

“పొద్దుగాల ఏం తింటవు?”

“మిర్చి బజ్జి.”

“పొద్దుగాలనా?”

“గోళీ మింగిన ధైర్యం. దావతుంటే ముందుగాల ఒకటి, ఎనకాల ఒకటి.”

“బాగున్నది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నయా?”

“లే. గీ గోళీకి బొక్కలు గుల్లయితయా డాక్టరమ్మా?”

“ఆగు. మతిమరుపు?”

“మతి లేదని ఇంటామె పెండ్లైనకాడి నుంచే అంటాంది. అది గోళీ తప్పు కాదు. మరి బొక్కలు...”

“ఎముకల మీదనే పడ్డవేంది? యాడన్న నొప్పా?”

“లే లే. ఊకనే. ఫోన్ల జూసిన.”

“ఏండ్లకేండ్లు మింగితె కొందరికి ఎముకల బలం తగ్గొచ్చు. అందరికీ కాదు. నీకెంత, నలభై ఉంటయా?”

“నలభై రెండు.”

“అయితే పరేషాన్ గాకు. రక్తపరీక్ష రాస్త. గోళీ ఒక్కసారే బంద్ పెట్టకు, మంట ఎక్కువైతది. మెల్లగ తగ్గిద్దాం. అదేం విషం కాదన్నా, అవసరమున్నోళ్లకు మంచి మందే. ఎవర్నీ అడగకుండ మింగుడే తప్పు.”

“కొందరికంటిరి. ఎవరికి?”

“వయసు మీద పడ్డోళ్లకు.”

“డెబ్బై... డెబ్బై రెండు?”

“అన్నా, ఎవరి గురించి అడుగుతున్నవు?”

“నా గురించే.”

“నలభై రెండంటివి.”

బాలేష్ కిటికీలకెల్లి బయట ఆటో దిక్కు చూసిండు.

“ఎవరికిచ్చినవన్నా?”

“అమ్మ బయట ఆటోల కూసున్నది. ఛాతిల మంటంటే, డాక్టర్నైతి గదా, నా గోళీనే ఇచ్చిన. ఏడేండ్ల సంది.”

“రోజూనా?”

“రోజూ. నా చేతులతోనే నోట్లె ఏస్త. మొన్న గడప కాడ ఊకనే జారింది, చెయ్యిరిగింది. సూసి నడువరాదా అని తిట్టిన. పెద్ద మొగోని లెక్క తిట్టిన.”

“దాంతోనే ఇరిగిందని ఇప్పుడే చెప్పలేమన్నా. పరీక్ష చేసి చూద్దాం. ఇయ్యాల గూడ ఇచ్చినవా?”

“ఇయ్యలే డాక్టరమ్మా. గని కట్టు కట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని, పొద్దుగాల నన్ను జూడంగనే నోరు తెరిచింది.”