ముందుకు వంగి కూర్చున్న మనిషి

పెద్ద డాక్టరు బల్ల మీదికి వంగి, చిన్న డాక్టరమ్మ ఒక రోగికి రాసిన చీటీని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తారు.

"జ్వరం, గుండెల్లో నొప్పి. నువ్వు రాసిందేమో గ్యాస్! ఇన్నేళ్లు చదివి వెలగబెట్టింది ఇదా?"

"తిన్నాకే నొప్పి వచ్చిందన్నాడు సార్."

"వాడన్నాడు, నువ్వు రాశావు! పడుకోబెట్టి చూశావా? వెల్లకిలా పడుకుంటే పొడుస్తుంది, ముందుకు వంగితే తగ్గుతుంది. గుండె పొర వాచిందని ఒళ్లే చెబుతుంటే, కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మా?"

ఆమె ఆ కళ్లతోనే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పొద్దున్నుంచీ మీరూ వంగే కూర్చున్నారు సార్. ఇందాక చీటీ ఇస్తూ తగిలితే మీ చెయ్యి కాలిపోతోంది. ఒక్కసారి పడుకోండి, ఈసీజీ తీస్తాను."

ఆయన నిటారుగా కూర్చోబోయి, మళ్లీ వంగిపోయారు.

"నాకేం లేదు. గ్యాస్."