రెండు బటన్లు, రెండు చేతులు

అమ్మలారా, అన్నలారా, కుర్చీలు చాలలేదు, ఏమనుకోకండి. బయట నిలబడ్డవాళ్ళు కాస్త లోపలికి జరగండి. నోరు తెరిస్తే మూయనని నాకు పేరుంది. ఇవాళ ఈ సంతాప సభలో చెప్పాల్సినంతే చెబుతాను.

చెప్పుల కార్ఖానా ఎదురుగా పెన్నులు, పుస్తకాలు, జిరాక్సుల కొట్టు నాది. పోయినావిడ మీ అందరికీ బటన్లక్క. ఆ పేరెందుకొచ్చిందో తెలియని బంధువుల కోసం చెబుతున్నాను. తోలు కోసే ప్రెస్సుకి రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే కత్తి కింద చెయ్యి ఉండదు, అంతే సంగతి. కొత్తగా చేరినవాళ్ళకి అక్క ముందు నేర్పేది ఇదే. సాయంత్రం గేటు దగ్గర నిలబెట్టి మరీ వాళ్ళ వేళ్ళు లెక్కపెట్టేది. "పది తెచ్చావు, పది పట్టుకుపో" అనేది. నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడెవరు లెక్కపెడతారు?

ఆర్డర్లు పడిపోయాయి. సగం మందిని తీసేశారు. ప్రెస్సుకి ఇద్దరుండేచోట ఒక్కరే మిగిలారు. రోజుకి కోయాల్సిన జతల లెక్క మాత్రం తగ్గించలేదు. అక్క సంఘం పెడదామని కాగితం టైపు చేయించడానికి నా దగ్గరికొచ్చింది. నేనేమన్నానో తెలుసా? బేరాల్లేని రోజుల్లో సంఘమేంటమ్మా, ఉన్న పని పోగొట్టుకుంటారు, కాస్త ఓపిక పట్టండి అన్నాను. అక్క కోప్పడలేదు. "పని బాగున్నప్పుడు యజమానులే బతిమాలి పిలుస్తారన్నా. మనం ఒకరికొకరం కావాల్సింది ఇప్పుడే" అంది.

ఇక దాచిపెట్టుకున్న మాట చెప్పేస్తాను. ఆ రోజుల్లోనే నా కొట్లో పెన్సిల్ రబ్బర్లు తెగ అమ్ముడుపోయాయి. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి కొంటున్నారు. ఇళ్ళల్లో పిల్లల చదువులు పెరిగాయనుకుని సంతోషించాను. ఒకరోజు అక్క వచ్చి రబ్బర్ల డబ్బాకి మూత పెట్టింది. "ఇంతమంది ఒక్కసారిగా తప్పులు రాస్తున్నారనుకున్నావా అన్నా?" అంది. ఒక బటన్ సందులో రబ్బరు కుక్కితే అది నొక్కినట్టే ఉండిపోతుందట. రెండో చేత్తో తోలు సర్దుకోవచ్చు. ఇద్దరి పని ఒక్కరే చెయ్యొచ్చు. నేను అమ్మకపోతే పక్క కొట్లో అమ్ముతారన్నాను. అమ్ముతూనే ఉన్నాను.

మంగళవారం పొద్దున అక్కని తనది కాని ప్రెస్సు మీదికి పంపారు. అంతకుముందు దాని మీద పనిచేసినతన్ని హడావుడిగా వేరే లైనుకి తోలారు. రబ్బరు తియ్యడం మర్చిపోయాడు. అక్క ఎడమచేత్తో తోలు సర్దుతోంది. కుడిచెయ్యి బటన్‌కి తగిలింది. ప్రెస్సు దిగేవాళ్ళు రబ్బరు తీసేసే వెళ్తారని, ఒక్క బటన్‌తో కత్తి కదలదని ఆవిడ నమ్మకం. జనానికంతా నేర్పిన మాటే కదా, ఆవిడ నమ్మదా? కత్తి దిగింది, నెత్తురు ఆగలేదు, కార్ఖానా బండేమో అయ్యగారి పని మీద వెళ్ళిందట. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు ఆ ప్రాణం.

మర్చిపోయినతను ఈ సభలోనే ఉన్నాడు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనకండి. ఒక్కడి చేత ఇద్దరి పని చేయించింది ఎవరు? ఆ రబ్బరు అమ్మింది ఎవరు? నేనే అమ్మాను. చెల్లెమ్మా, ముందు వరసలో కూర్చున్నావు, మీ అక్క మొహం గుర్తొచ్చి నీ మొహం చూడలేకపోతున్నాను. క్షమించమని అడగను. రబ్బర్ల డబ్బా మాత్రం కొట్లోంచి ఎత్తేశాను.

ఆ రోజు వద్దంటూనే టైపు చేసిచ్చిన సంఘం కాగితం అక్క నా దగ్గరే ఉంచింది. నలభై సంతకాలు కావాలి. అక్కదాంతో కలిపి ముప్పై ఎనిమిది అయ్యాయి. ఇప్పుడు ఆవిడది లెక్కలోకి రాదట. ఇంకో మూడు కావాలి. కార్ఖానా రిజిస్టర్లన్నీ నా కొట్లోనే కొంటారు. ఆ కాగితం నీ కొట్టు బల్ల మీద ఉంటే ఇక కొనం అని నిన్న కబురు పెట్టారు. అందుకే బల్ల మీద పెట్టాను, పెన్నుతో సహా. ఎవరినీ బలవంతపెట్టను. మీ భయం నాకు తెలుసు, నాకూ ఉంది.

ఇక అందరూ లేవండి. పెద్దవాళ్ళు కూర్చునే ఉండండి, పరవాలేదు. ఒక్క నిమిషం మాటల్లేకుండా ఉందాం. చేతులు కట్టుకోకండి. గేటు దగ్గర ఆవిడ నిలబెట్టినట్టు రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విప్పి నిలబడండి. ఎవరి వేళ్ళు వాళ్ళు లెక్కపెట్టుకోండి.